ఇంజను మారిన రైలు: కొత్త జాతీయం ఎలా కట్టాలి?

జాతీయాలు తాతముత్తాతల నుంచి వచ్చినవని, వాటిని వాడుకోవడమే తప్ప కొత్తగా కట్టడం మన పని కాదని చాలామంది నమ్మకం. బడిలో కూడా అలాగే నేర్పుతారు. ఓ జాబితా ఇచ్చి అర్థాలు రాయమంటారు, సొంత వాక్యాల్లో వాడమంటారు. అయితే "పని పట్టాలెక్కింది" అన్న మాటను చూడండి. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదట నడిచింది 1853లో. అంతకుముందు ఏ పనీ పట్టాలెక్కి ఉండదు. "గ్రీన్ సిగ్నల్ ఇచ్చారు", "బ్రేకులు పడ్డాయి", "రివర్స్ గేర్ వేశాడు" అన్నవీ పాతకాలపు మాటలు కావు. వీటిని ఎవరో ఒకరు మొదటిసారి అన్నారు. విన్నవాళ్ళకి అతికినట్టు అనిపించింది. నోటి నుంచి పేపరుకి, పేపరు నుంచి మళ్ళీ నోటికి తిరిగాయి. ఇప్పుడు "పెళ్ళి పనులు పట్టాలెక్కాయి" అంటున్నప్పుడు ఎవరి కళ్ళముందూ రైలు కనబడదు.

జాతీయాలు ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయన్నమాట. పుట్టినవాటిలో కొన్నే ఎందుకు నిలుస్తాయి, కావాలని ఒకటి కట్టాలంటే ఏం చూసుకోవాలి, కట్టినదాన్ని పదిమందికి ఎలా వివరించాలి అన్నదే చిక్కు. ఈ చిక్కు విప్పడానికి విశాఖపట్నం మంచి చోటు. కొండ, సముద్రం, రేవు, ఉక్కు కొలిమి, ఏడాదికోసారి నిజరూపం చూపించే దేవుడు, వచ్చిన వైపే తిరిగి పోయే రైలు, అన్నీ ఈ ఊళ్ళో ఉన్నాయి. వీటిలో చాలావాటిని మనం రోజూ చూస్తాం గానీ మాటల్లోకి ఇంకా తెచ్చుకోలేదు.

ముందుగా సామెతకీ జాతీయానికీ ఉన్న తేడా చూద్దాం. "చింత చచ్చినా పులుపు చావదు" అనేది సామెత, దానంతటదే పూర్తి మాట. జాతీయం వాక్యంలో ఓ ముక్క: గోడమీద పిల్లి, కొండవీటి చాంతాడు, చేతులెత్తేయడం, మంగళం పాడటం. ఆ మాటల అర్థాలు విడివిడిగా కూడితే జాతీయం అర్థం రాదు. మాట మారిస్తే జాతీయమే పోతుంది. "వాడు గోడమీద పిల్లి" అంటే ఎటు దూకుతాడో తెలియని మనిషి, "ప్రహరీ మీద పిల్లి" అంటే నిజంగా పిల్లే. "చేతులెత్తేశాడు" అంటే తనవల్ల కాదన్నాడని, "రెండు చేతులూ పైకెత్తాడు" అంటే వ్యాయామం చేస్తున్నాడని. అలాగని అంతా బిగుసుకుపోయి ఉండదు. చేతులెత్తేస్తారేమో, చేతులెత్తేయకండి, చేతులెత్తేసినవాళ్ళు అని క్రియ ఎన్ని రూపాలైనా పోతుంది. కొత్తది కట్టేవాళ్ళు మొదట గమనించాల్సింది ఇదే. నామం గట్టిగా కుదురుకోవాలి, క్రియ మాత్రం నోట్లో తేలిగ్గా ఆడాలి.

ఇక రైలు సంగతి. విశాఖ స్టేషనుకి రైలు వచ్చే దారీ పోయే దారీ ఒకే వైపు ఉంటాయి. హౌరా వైపు నుంచి చెన్నై వెళ్ళే రైలు ఇక్కడికి రాగానే ఇంజను విప్పేసి, అవతలి చివర ఇంకో ఇంజను తగిలిస్తారు. కాసేపు ఆగి, రైలు వచ్చిన వైపే బయల్దేరుతుంది. అప్పటిదాకా ముందున్న బోగీ తోకైపోతుంది. ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్ళు వెనక్కి చూస్తూ ఉంటారు. ఈ దారిన మొదటిసారి వచ్చినవాళ్ళు కంగారుపడి, "ఇదేంటండీ, రైలు వెనక్కెళ్ళిపోతోంది?" అని అడుగుతారు. కిటికీ పక్కనున్న విశాఖ మనిషి మాత్రం నిబ్బరంగా, "వెనక్కి కాదండీ, ఇంజను మారింది. ఇక్కడ ఇంతే" అంటాడు. కాసేపటికి దువ్వాడ వస్తుంది, టెన్షన్ పోతుంది.

ఈ దృశ్యంలో రెండు అర్థాలున్నాయి. ఒకటి, ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి పోవడం. రెండోది, వెనక్కి పోతున్నట్టు కనిపిస్తూనే అసలు ఊరి వైపు సాగడం. జాతీయానికి రెండు అర్థాలు పనికిరావు, ఒకటి ఎంచుకోవాలి. అందంగా ఉన్నదాన్ని కాకుండా మన భాషలో ఇప్పటికే ఏది ఉంది, ఏది లేదు అని చూసి ఎంచుకోవాలంటాను నేను. మొదటి అర్థానికి "ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు" అన్నది ఎప్పటినుంచో ఉంది. దానిపక్కన రైలుని నిలబెడితే రైలే ఓడిపోతుంది. రెండో అర్థం దగ్గర ఖాళీ ఉంది. వెనకడుగు వేయడం, తోక ముడవడం, రివర్స్ గేర్ వేయడం, ఇవన్నీ ఓటమినో మాట తప్పడాన్నో చెబుతాయి. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళడానికే కాసేపు వెనక్కి తిరిగిన మనిషిని చెప్పే మాట చేతికి వెంటనే తగలదు. అలాంటి మనుషులు మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నారు. ఉద్యోగం మానేసి మళ్ళీ చదువుకుంటున్న కూతురు. అప్పు తీర్చడానికి సొంతిల్లు అమ్మి అద్దింట్లోకి మారిన కుటుంబం.

"అదేంటే, ఉన్న ఇల్లు అమ్ముకుని అద్దెకి పోతారా?" అని పెద్దమ్మ అడిగితే, "ఏం లేదు పెద్దమ్మా, ఇంజను మారుతోంది. అప్పు తీరగానే మళ్ళీ కొనుక్కుంటాం" అనొచ్చు. కంచరపాలెం వైపు పెద్దాయన అయితే "ఒరే బావూ, ఎనక్కెల్లిపోనామని బెంగెట్టుకోకు, ఇంజను మారినాదంతే" అంటాడు. చెప్పినవాళ్ళకి గౌరవం మిగులుతుంది, విన్నవాళ్ళకి ధైర్యం వస్తుంది. వెనకడుగు అన్న మాట ఈ పని చేయలేదు.

మొదట్లో దీన్ని పొడుగ్గా చెప్పాలి: "విశాఖ స్టేషన్లో ఇంజను ఈ చివర విప్పి ఆ చివర తగిలించినట్టు". కొన్నాళ్ళకి "విశాఖలో ఇంజను మారినట్టు" సరిపోతుంది. ఆ తర్వాత ఊరి పేరు, "నట్టు" కూడా రాలిపోయి "ఇంజను మారింది" మిగలాలి. పాతవాటిలో కొన్ని ఈ దారినే వచ్చాయి. హరికథ చివర మంగళం పాడతారు కాబట్టి, "మంగళం పాడేశాడు" అంటే ఆపేశాడనే అర్థం స్థిరపడింది. ఇప్పుడా మాట అనేవాళ్ళకి హరికథతో పని లేదు. కొండవీటి చాంతాడు మాత్రం ఊరి పేరు వదులుకోలేదు. కొండమీది కోటలో నీళ్ళు లోతున ఉంటే చేదడానికి పొడవైన తాడు కావాలి. కొండవీడు ఎప్పుడూ చూడని విశాఖవాళ్ళు కూడా సింహాచలం క్యూ చూసి "కొండవీటి చాంతాడంత ఉంది" అంటారు. చాంతాడు అనగానే పొడవు తెలిసిపోతుంది కాబట్టి ఊరు తెలియకపోయినా నష్టం లేదు. స్థానిక జాతీయం ఊరు దాటాలంటే ఇలా లోపలి వస్తువు తన అర్థాన్ని తానే మోయగలగాలి. ఇంజను మారడం మోయగలదనుకుంటున్నాను.

ఖాళీ వెతకడం అంటే ఏమిటో ఇంకో ఉదాహరణతో చెప్పాలి, ఎందుకంటే కొత్తవి కట్టేవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. "వృథా" అన్న భావానికి తెలుగులో జాతీయాలు బోలెడు. బూడిదలో పోసిన పన్నీరు, అడవిగాచిన వెన్నెల, గోడకేసిన సున్నం. పైకి ఒకేలా ఉన్నా ఇవి మూడూ ఒకటి కావు. విలువైనదాన్ని పనికిరాని చోట ధారపోస్తే బూడిదలో పన్నీరు. విలువ ఉంది గానీ చూసి మెచ్చేవాళ్ళు లేకపోతే అడవిగాచిన వెన్నెల. ఇచ్చిన డబ్బు ఇక తిరిగి రాదంటే గోడకేసిన సున్నం. తెలుగు ఇంత సన్నగా తేడాలు పట్టింది. ఈ వరసలో నాలుగోది చేర్చాలంటే నాలుగో తేడా చూపించాలి.

అది ఆర్కే బీచ్‌లో ఉంది. మన తీరం వెంబడి కెరటాలు ఇసుకని ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంటాయి. మధ్యలో రేవు కోసం కట్టిన రాతి గోడలు ఆ ఇసుకని ఆపేస్తాయి. దాంతో గోడలకి దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్ వైపు తీరం కోసుకుపోతుంది. అందుకని పేరుకున్న ఇసుకని తవ్వి తీసి, నీళ్ళతో కలిపి తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. సముద్రం దాన్ని మళ్ళీ పట్టుకుపోతుంది. మళ్ళీ పోస్తారు.

"బీచ్‌లో ఇసుక పోయడం" అంటే పనికిమాలిన పని అని చటుక్కున అర్థం చెప్పబోతాం. అలా చెబితే అది బూడిదలో పన్నీరుకి నకలే. నిజానికి ఆ ఇసుక పోయకపోతే తీరమే మిగలదు. పోసిన గుర్తు నిలవదు, పోయడం మానితే మాత్రం అందరికీ తెలుస్తుంది. ఇంట్లో అమ్మ చేసే పని ఇలాంటిదే. ఊరు లేవకముందే వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల పనీ ఇలాంటిదే. "నేను రోజంతా చేసేది బీచ్‌లో ఇసుక పోయడమే, మానేసి చూడండి తెలుస్తుంది" అని ఓ ఇల్లాలు అంటే అందులో నిష్ఠూరం ఉంది, హక్కుగా అడగడమూ ఉంది. పాత మూడింటిలో ఏదీ ఆ మాట అనలేదు. నాకు ఈ జాతీయం మీద ప్రత్యేకమైన ఇష్టం ఉందని దాచుకోను.

కొన్ని కొత్త మాటలు వివరణ లేకుండానే అర్థమవుతాయి. ఎందుకంటే వాటికి భాషలో ముందే దారి వేసి ఉంటుంది. కోపాన్ని మనం మంటగా ఊహించుకుంటాం: మండిపడ్డాడు, భగ్గుమన్నాడు, నిప్పులు చెరిగాడు, లోలోపల ఉడికిపోయాడు, చివరికి చల్లబడ్డాడు. ఇలాంటి పోలికలు మాటకి పెట్టే నగలు కావని, మనిషి ఆలోచించే తీరే అదని జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1980లో వాదించారు. ఆ లెక్కన ఉక్కు కర్మాగారం పక్కనున్న గాజువాకలో ఎవరైనా "ఆయన దగ్గరికి ఇప్పుడు పోకు, ఫర్నేసు మూత తీసుంది" అంటే ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. తేలిగ్గా అర్థమయ్యేది తేలిగ్గా మరుగున పడుతుంది కూడా. కోపానికి మనకు మాటల కరువు లేదు.

ఉక్కు కర్మాగారం నుంచి ఇంతకన్నా మంచి సరుకు తీసుకోవచ్చు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. బ్లాస్ట్ ఫర్నేసుని ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ నడపాల్సిందే. ఏ షిఫ్టు దిగితే బీ షిఫ్టు, అది దిగితే సీ షిఫ్టు. మనకి వీలు కాలేదని ఆపేస్తే లోపలి లోహం గడ్డకట్టి కూర్చుంటుంది, మళ్ళీ వెలిగించడం పెద్ద యజ్ఞం. "ఫర్నేసు వెలిగించుకోవడం" అంటే మధ్యలో వదలడానికి వీల్లేని బాధ్యత ఎత్తుకోవడమని చెప్పుకోవచ్చు. పాడి గేదెను కొన్నవాడు, మంచాన పడ్డ తండ్రిని ఇంటికి తెచ్చుకున్న కూతురు, రోజూ మధ్యాహ్నం వందమందికి అన్నం పెడతానన్నవాడు ఫర్నేసు వెలిగించుకున్నవాళ్ళే. "తలకెత్తుకున్నాడు" అంటే బరువు తెలుస్తుంది, ఆపకూడదన్నది తెలియదు. కాలేజీలో చేరడం, కారు కొనడం లాంటివాటికి ఈ మాట వాడకూడదు. అవి ఎప్పుడైనా ఆపుకోగలిగేవి.

శబ్దం గురించి కొంచెం. 1966 ఉద్యమం నాటి "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" నినాదం ఇప్పటికీ పిల్లల నోట కూడా పలుకుతోందంటే, దాని వెనకున్న పోరాటంతో పాటు "ఉక్కు", "హక్కు"ల జోడీ కూడా కారణమే. నినాదం జాతీయం కాదు గానీ, నోటికి పట్టు దొరికితే మాట ఎంతకాలం నిలుస్తుందో చెబుతుంది. కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి కూడా అంతే. ప్రాస కుదిరితే మంచిదే, కుదరకపోతే బలవంతంగా తేవద్దు.

ఇక నిలవనివి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. "ఒడ్డెక్కిన సబ్‌మెరైన్" అనగానే ఓ జాతీయం దొరికిందనిపిస్తుంది. కానీ దేనికి? రిటైరైన పెద్దమనిషికా, రహస్యాలు బయటపడ్డవాడికా, సొంత చోటు వదిలి వచ్చినవాడికా? చూడ్డానికి గొప్పగా ఉన్న వస్తువు అంత మాత్రాన జాతీయం కాలేదు. మనుషుల మధ్య పదేపదే ఎదురయ్యే ఓ పరిస్థితి దానికి సరిగ్గా తగలాలి. ఫోను యాప్‌ల పేర్లతో కట్టినవీ ఎక్కువకాలం ఉండవు, యాప్ పోగానే మాట కూడా పోతుంది. ఇంగ్లీషు నుంచి యథాతథంగా దిగినవి ఇంకో రకం. ప్రతి కుంభకోణానికీ "ఇది మంచుకొండ కొస మాత్రమే" అని రాస్తుంటారు. మన సముద్రంలో మంచుకొండ ఎవరూ చూడలేదు. మత్స్యకారులుండే జాలారిపేటలో తెప్ప లాగే మనిషికి అది ఏ బొమ్మా చూపించదు.

కట్టకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి కాలాన్ని రెండుగా చీల్చింది. "హుద్‌హుద్‌కి ముందు", "హుద్‌హుద్ తర్వాత" అని జనం తమంత తామే అనుకుంటున్నారు, అది సహజంగా వచ్చిన మాట. అయితే ఇంట్లో గిన్నెలు పగిలితే "హుద్‌హుద్ వచ్చింది" అనడం నాకు ఇష్టం లేదు. ఇల్లు పోయినవాళ్ళు, మనిషి పోయినవాళ్ళు అదే వీధిలో ఉంటారు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన విషవాయువు గురించి కూడా అంతే. మన పాత జాతీయాల్లో కులాన్నీ, వైకల్యాన్నీ ఎత్తిపొడిచేవి ఎన్నో ఉన్నాయి. కొత్తవి మనం కడుతున్నప్పుడు ఆ బరువు మళ్ళీ ఎవరి నెత్తినా పెట్టనక్కర్లేదు.

దేవుడి విషయంలో జాగ్రత్తగా ఉండాలి గానీ, భయపడి వదిలేయనక్కర్లేదు. సింహాచలం వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడుగునా చందనంతో కప్పి ఉంటాడు. అక్షయ తృతీయ నాడు మాత్రం ఆ చందనం తీసి నిజరూప దర్శనం ఇస్తారు. "నిజస్వరూపం బయటపడింది" అని మనం అనేది ఎప్పుడూ తిట్టుగానే. దాచుకున్న మంచితనం ఒక్క రోజు బయటపడితే ఏమనాలి? జీవితమంతా గదమాయించిన తండ్రి, కూతురి అప్పగింతలప్పుడు గోడ పక్కకి వెళ్ళి ఏడిస్తే "ఇవాళ నాన్న చందనం తీశారు" అనొచ్చు. ఇందులో భక్తికి లోటు లేదు, మనిషి మీద ప్రేమ ఉంది. దీన్ని ఎగతాళికి వాడితే మాత్రం మాటా చెడుతుంది, విన్నవాళ్ళ మనసూ నొచ్చుకుంటుంది.

మరి వివరించడం ఎలా? నిఘంటువులోలా మొదట అర్థం చెబితే జాతీయం అక్కడే చచ్చిపోతుంది. ముందు వాడాలి. ఒక ఉదాహరణ చూపిస్తాను. రాత్రిపూట బీచ్‌లో కూర్చుంటే సముద్రం మీద దీపాల వరస కనబడుతుంది. రేవులో చోటు ఖాళీ కాక బయట లంగరేసి ఆగిన ఓడలు అవి.

"మీ అన్నయ్య ఉద్యోగం ఏమైందిరా?"

"బయట లంగరేసే ఉన్నాడు పిన్నీ. సెలెక్షన్ అయిపోయింది, పోస్టింగు రాలేదు."

రెండో వాక్యం అర్థాన్ని అందించేసింది. పిన్నికి నిఘంటువు అక్కర్లేదు. ఆవిడ ఇంకా అడిగితే అప్పుడు వస్తువు సంగతి చెప్పాలి: ఓడ వచ్చేసింది, సరుకు నిండుగా ఉంది, దాని చోటు ఈ రేవులోనే, పిలుపు ఒక్కటే రాలేదు, ఆగిన ప్రతి రోజుకీ ఎవరో ఒకరి జేబుకి చిల్లు. చివరిగా హద్దు గీయాలి. త్రిశంకు స్వర్గంలో ఉన్నవాడికి పైనా చోటు లేదు, కిందా చోటు లేదు. లంగరేసినవాడికి చోటు ఖాయం. పరీక్ష ఇంకా రాయనివాడు లంగరేసినవాడు కాడు, వాడింకా దారిలోనే ఉన్నాడు. ఎక్కడ వాడకూడదో చెప్పినప్పుడే అర్థం గట్టిపడుతుందని నా నమ్మకం. మన జాతీయాల పుస్తకాల్లో ఈ హద్దు చెప్పేవి తక్కువ. అందుకే పిల్లలు బూడిదలో పన్నీరునీ అడవిగాచిన వెన్నెలనీ కలిపేస్తుంటారు.

మనం కట్టింది నిలిచిందో లేదో తెలుసుకోవడానికి నలుగురు మెచ్చుకున్నారా అని చూడనక్కర్లేదు. మెచ్చుకున్న మాటలు చాలావరకు అక్కడితోనే ఆగిపోతాయి. మనం చెప్పని సందర్భంలో, మన పేరు లేకుండా ఇంకొకరు దాన్ని వాడటం వినబడాలి. పిన్ని తర్వాతి వారం పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతూ "అమ్మాయి వైపు అంతా సరేనన్నారు, ముహూర్తం దగ్గర లంగరేశారు" అంటే, మాట మన చేయి దాటి ఆవిడ సొత్తయినట్టే. ఆవిడ కొంచెం మార్చి వాడినా సరిదిద్దకూడదు.

విశాఖ బడుల్లో తెలుగు చెప్పే మాస్టార్లకి, టీచర్లకి ఒక మనవి. జాతీయం ఇచ్చి అర్థం రాయమనడంతో పాటు, ఒక్కసారి పరిస్థితి ఇచ్చి జాతీయం కట్టమనండి. ఉదాహరణకి ఇది ఇవ్వొచ్చు: పిల్లలు విదేశాల్లో ఉన్నారు, ఇంట్లో ఏసీ, పనిమనిషి, డబ్బు అన్నీ ఉన్నాయి, మాట్లాడే మనిషి మాత్రం లేని పెద్దవాళ్ళు. ఎంవీపీ కాలనీలో తలుపు తడితే ఇలాంటి ఇళ్ళు కనబడతాయి. జాలారిపేట పిల్ల దీనికి వలనో పడవనో తెస్తుంది, గాజువాక పిల్లాడు షిఫ్టునో సైరన్‌నో తెస్తాడు, భీమిలి పిల్ల ఇంకేదో తెస్తుంది. ఐదు మార్కుల ప్రశ్న అయితే కట్టిన మాటకి ఒకటి, వాడి చూపిన వాక్యానికి రెండు, ఈ మాట ఎక్కడ వాడకూడదో రాసినదానికి రెండు ఇవ్వండి.